పీఎల్‌సీ ప్రోగ్రామ్‌లకు గిట్ పెట్టే ముందు, మెషిన్‌లో ఏముందో చూడండి

మీరు అడిగింది ఇది: స్నాక్స్ ప్యాకింగ్ ప్లాంట్, మూడు లైన్లు, ఒక్కోదానికి ఒక్కో పీఎల్‌సీ (మెషిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్, కంట్రోలర్ అన్నా అదే). ఒకదాని మీద సీమెన్స్ వాళ్ల పాత ఎస్7-300, ఇంకోదాని మీద వాళ్లదే ఎస్7-1500, మూడోదాని మీద రాక్‌వెల్ వాళ్ల కాంపాక్ట్‌లాజిక్స్. మెయింటెనెన్స్‌లో మీతో కలిపి ముగ్గురు. ప్రోగ్రామ్‌లు రెండు ల్యాప్‌టాప్‌ల్లో ఉన్నాయి, కొన్ని పెన్‌డ్రైవ్‌ల్లో ఉన్నాయి, ఏది తాజాదో ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే మీ స్నేహితుడు "గిట్ పెట్టుకో, అరగంట పని" అన్నారు. గిట్ అంటే ఫైళ్లలో జరిగే ప్రతి మార్పునూ చరిత్రగా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్. పెట్టుకోవచ్చా, పెట్టుకుంటే ఎలా?

పెట్టుకోవచ్చు. నేను ప్యానెల్ వైరింగ్‌తో మొదలుపెట్టి, పదిహేడేళ్లుగా ప్లాంట్ల కమిషనింగ్‌లోనే ఉన్నాను. గిట్ వాడుతున్నాను, మంచి పనిముట్టు. అయితే మీ స్నేహితుడి పనికీ మన పనికీ ఒక పెద్ద తేడా ఉంది. వాళ్లకు అసలు కాపీ రిపాజిటరీలో (గిట్ ఫైళ్లను దాచే చోటు) ఉంటుంది. సర్వర్ మీద నడిచేది అందులోంచి తీసి పెట్టింది. సర్వర్ పోయినా మళ్లీ అక్కడి నుంచే తెచ్చి పెడతారు. మన దగ్గర అసలు కాపీ ప్యానెల్‌లో ఉంటుంది, నడుస్తున్న కంట్రోలర్‌లో. రాత్రి రెండు గంటలకు సెన్సర్ సతాయిస్తే షిఫ్టులో ఉన్నాయన ల్యాప్‌టాప్ తగిలించి, ఆన్‌లైన్‌లోనే, అంటే నడుస్తున్న కంట్రోలర్‌లోనే, టైమర్ మారుస్తాడు. లైన్ నడుస్తుంది. పొద్దున షిఫ్టు అప్పజెప్పి ఇంటికి వెళ్తాడు. ఆయన తప్పు చేశాడని నేను ఎప్పుడూ అనను, లైన్ ఆగకుండా చూడటమే ఆయన ఉద్యోగం. కానీ ఆ రాత్రి నుంచి మీ ఫైలు వేరు, మీ మెషిన్ వేరు. గిట్‌లో పెట్టింది ఆ ఫైలే అయితే, తప్పుడు కాపీని చాలా జాగ్రత్తగా దాచుకున్నట్టే.

ఇది ఎంత దూరం పోతుందో నేను దగ్గరుండి చూశాను. ఒక కూల్‌డ్రింక్ ప్లాంట్‌లో వానాకాలం పిడుగుపాటుకు పాలెటైజర్ (పెట్టెలను వరుసలుగా పేర్చే మెషిన్) పీఎల్‌సీ సీపీయూ కాలిపోయింది. స్టోర్స్‌లో స్పేర్ ఉంది, హమ్మయ్య అనుకున్నాం. ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ తెరిస్తే నాలుగు ఫైళ్లు: ఫైనల్, ఫైనల్ న్యూ, ఓకే లేటెస్ట్, ఓకే లేటెస్ట్ 2. తేదీ చూసి అన్నిటికన్నా కొత్తది ఎక్కించాం. గంటసేపు బాగానే నడిచింది. తర్వాత ఒక కేసు, అంటే పెట్టె, అడ్డం తిరిగి, దాన్ని తోసే పుషర్ మధ్యలో ఆగింది. పుషర్ లోపల ఉండగానే లిఫ్ట్ కిందకు దిగింది. నిండు లేయర్‌తో సహా వచ్చి పుషర్ మీద కూర్చుంది, గేర్‌బాక్స్ షాఫ్ట్ విరిగింది. అడ్డం తిరిగిన కేసును చేత్తో లాగడానికి ఫిట్టర్ అప్పటికే గార్డ్ దాకా వచ్చేశాడు. ఇంకో నాలుగడుగులు వేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ సాయంత్రం పాత ఎలక్ట్రీషియన్ ఒకాయన వచ్చి చెప్పాడు. రెండేళ్ల కిందట ఇలాగే కాబోతే ఆయనే లిఫ్ట్ దిగే రంగ్‌లో (ప్రోగ్రామ్‌లో ఒక వరుస) "పుషర్ వెనక్కి వచ్చింది" అనే సెన్సర్ కాంటాక్ట్‌ను, అంటే ఒక షరతును, సిరీస్‌లో పెట్టాడట. ఒక్క కాంటాక్ట్. అది కాలిపోయిన సీపీయూలో తప్ప ఇంకెక్కడా లేదు. మేం ఎక్కించిన ఫైలు తేదీ కొత్తదిగా ఎందుకుందంటే, ఎవరో తెరిచి చూసి, మూసేటప్పుడు సేవ్ నొక్కారు. అంతే. ఫైలు తేదీని, ఫైలు పేరును నమ్మడం నేను ఆ రోజుతో మానేశాను.

కాబట్టి మీ మొదటి పని గిట్ ఇన్‌స్టాల్ చేయడం కాదు. మూడు కంట్రోలర్లకూ ల్యాప్‌టాప్ తగిలించి, లోపల నడుస్తున్న ప్రోగ్రామ్‌ను బయటికి తెచ్చుకోవడం. ఇక్కడ ఒక్కో మెషిన్‌ది ఒక్కో తీరు. మన పనిలో మెషిన్ నుంచి ల్యాప్‌టాప్‌లోకి తేవడాన్ని అప్‌లోడ్ అంటాం. ఎస్7-1500 నుంచి అప్‌లోడ్ చేస్తే ట్యాగ్ (సిగ్నల్) పేర్లు, కామెంట్లు కూడా వస్తాయి, అవి సీపీయూ మెమరీ కార్డులోనే ఉంటాయి. కాంపాక్ట్‌లాజిక్స్‌లో, దాన్ని ప్రోగ్రామ్ చేసే స్టూడియో 5000 సాఫ్ట్‌వేర్ వెర్షన్ 21 నుంచి రంగ్ కామెంట్లు, వర్ణనలు కంట్రోలర్‌లోనే దాచుకునే వీలుంది. మీది అంతకన్నా పాతదైతే లాజిక్ వస్తుంది, కామెంట్లు రావు. కష్టమంతా ఎస్7-300తోనే. దాన్నుంచి అప్‌లోడ్ చేస్తే కోడ్ మాత్రమే వస్తుంది. సింబల్స్ ఉండవు, నెట్‌వర్క్ (సీమెన్స్‌లో రంగ్‌కు అదే పేరు) శీర్షికలు ఉండవు. "ఫిల్మ్ తెగింది" అని కనిపించాల్సిన చోట "ఐ 4.2" అని కనిపిస్తుంది. అది మెషిన్‌ను నడపగలదు గానీ, అర్ధరాత్రి దాన్ని చదివి తప్పు పట్టుకోవడం మనిషి వల్ల కాదు.

అందుకని ఎస్7-300కి ఇలా చేయండి. రెండు ల్యాప్‌టాప్‌లు, పెన్‌డ్రైవ్‌లు అన్నీ వెతికి, కామెంట్లు ఎక్కువగా ఉన్న ఫైలు ఒకటి ఎంచుకోండి. దానితో ఆన్‌లైన్ వెళ్లి బ్లాక్ (ప్రోగ్రామ్‌లో ఒక భాగం) తర్వాత బ్లాక్ పోల్చండి. ఎస్7-300ను ప్రోగ్రామ్ చేసే స్టెప్ 7 సాఫ్ట్‌వేర్‌లోనే కంపేర్ ఉంది. తేడా కనిపించిన ప్రతిచోటా ఆగి, మెషిన్‌లో ఉన్నదాన్ని ఫైలులోకి తెచ్చుకోండి. తొందరపడి ఫైలును మెషిన్‌లోకి తోయకండి. ప్రతి తేడా వెనకా ఒక కారణం ఉంటుంది. పాతవాళ్లను పిలిచి అడగండి, రిటైరైన వాళ్లకైనా ఫోన్ చేయండి. "ఈ టైమర్ 3 సెకన్లు ఎందుకు పెట్టారండీ" అంటే పది మందిలో ఎనిమిది మందికి గుర్తుంటుంది, సంతోషంగా చెప్తారు. విన్నది ఆ నెట్‌వర్క్ కామెంట్‌లోనే రాసేయండి. ఒక్కో లైన్‌కు రెండు మూడు రోజులు పట్టొచ్చు. మీ మేనేజర్‌తో ఆ టైమ్ ముందే అడిగి తీసుకోండి. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన పని అదే.

ఇప్పుడు చాలామంది మర్చిపోయే సంగతి. ప్రోగ్రామ్ వేరు, విలువలు వేరు. సీలింగ్ జా (ప్యాకెట్‌ను నొక్కి మూసే దవడ) ఎన్ని మిల్లీసెకన్లు మూసి ఉండాలి, హీటర్ వేడిని సర్దే పీఐడీ గెయిన్లు ఎంత, ఏ ప్యాకెట్‌కు ఫిల్మ్ ఎంత పొడవు లాగాలి, ఇవన్నీ డేటా బ్లాకుల్లో ఉంటాయి. ఎస్7-1500ను ప్రోగ్రామ్ చేసే టియా పోర్టల్ ఫైలులో మీకు కనిపించేది స్టార్ట్ వాల్యూ. మెషిన్‌లో నడుస్తున్నది యాక్చువల్ వాల్యూ. ఆపరేటర్ హెచ్‌ఎంఐ (మెషిన్ మీది స్క్రీన్) మీద మూడేళ్లుగా కొంచెం కొంచెం సర్దుతూ వచ్చిన అంకెలన్నీ ఆ రెండోదానిలోనే ఉంటాయి. కొత్త సీపీయూ పెట్టి ఫైలు ఎక్కించిన రోజు అవన్నీ పోయి, కమిషనింగ్ నాటి అంకెలు వచ్చి కూర్చుంటాయి. ప్రోగ్రామ్ అక్షరం తేడా లేకుండా సరిగ్గానే ఉంటుంది, ప్యాకెట్లు మాత్రం సీలు పడవు. ఒక ప్లాంట్‌లో ప్యానెల్ తలుపు లోపల దారంతో వేలాడుతున్న పాత నోట్‌బుక్ మమ్మల్ని కాపాడింది. ఒక ఆపరేటర్ ప్రతి ప్యాకెట్ సైజుకూ సెట్‌పాయింట్లు పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాడు, పక్కన తేదీ కూడా వేసుకున్నాడు. వెర్షన్ కంట్రోల్ అంటే ఏంటో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మీరు ఎస్7-1500లో డేటా బ్లాక్ స్నాప్‌షాట్ (అప్పటి విలువల నకలు) తీసి, వాటిలో సెట్‌పాయింట్లు, రెసిపీలు ఉన్నవాటిని స్టార్ట్ వాల్యూలుగా కాపీ చేయండి, ఆ తర్వాతే ఆర్కైవ్ (ప్రాజెక్టు మొత్తం ఒకే ఫైలుగా) తీయండి. కౌంటర్లు, స్టెప్ నంబర్లు లాంటి వాటిని కాపీ చేయకండి. లేకపోతే రేపు రీస్టోర్ చేసినప్పుడు మెషిన్ సీక్వెన్స్ మధ్యలోంచి లేస్తుంది. స్టూడియో 5000లో ఆన్‌లైన్‌లో ఉండి సేవ్ చేసేటప్పుడు ట్యాగ్ విలువలు కూడా తెచ్చుకోవాలా అని అడుగుతుంది, అవునని చెప్పండి. హెచ్‌ఎంఐ ప్రాజెక్టు, డ్రైవ్ పారామీటర్లు కూడా ఈ లెక్కలోవే. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) పోతే పీఎల్‌సీ బ్యాకప్ ఎందుకూ పనికిరాదు.

ఇంత అయ్యాక గిట్ సంగతికి వద్దాం. ఇక్కడ మీ స్నేహితుడికి తెలియని చిక్కు ఏమిటంటే, మన ఫైళ్లు చాలావరకు మూటలు. టియా ప్రాజెక్టు, స్టూడియో 5000 ఏసీడీ ఫైలు రెండూ లోపల ఏముందో గిట్‌కు కనపడనివ్వవు. మారింది అని మాత్రమే చెప్తుంది, ఏ రంగ్ మారిందో చెప్పలేదు. ఇద్దరు రెండు మార్పులు చేస్తే కలపలేదు. అందువల్ల నేను ప్రతిసారీ రెండూ పెడతాను. ఒకటి మూట, అంటే టియా ఆర్కైవ్ లేదా ఏసీడీ. మెషిన్ పోతే ఎక్కించేది అదే. రెండోది టెక్స్ట్ రూపం, తేడాలు చదువుకోవడానికి. స్టూడియో 5000లో ఎల్5ఎక్స్ అనే టెక్స్ట్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు. టియాలో వెర్షన్ 16 నుంచి వెర్షన్ కంట్రోల్ ఇంటర్‌ఫేస్ ఉంది, బ్లాకులను ఒక ఫోల్డర్‌లోకి ఫైళ్లుగా పంపుతుంది. ఎస్‌సీఎల్ అనే భాషలో రాసిన బ్లాకులు మామూలు టెక్స్ట్‌గా వస్తాయి, చదవడానికి హాయిగా ఉంటాయి. ల్యాడర్, అంటే రంగ్‌ల బొమ్మలుగా రాసేది, చాలా వెర్షన్లలో ఎక్స్‌ఎంఎల్‌గా వస్తుంది. కంపైల్ కాని బ్లాకు ఎక్స్‌పోర్ట్ కాదు, నో-హౌ ప్రొటెక్షన్ (పాస్‌వర్డ్‌తో దాచడం) ఉన్న బ్లాకు లోపలి కోడ్ రాదు, ఈ రెండూ గుర్తుంచుకోండి. మీ ఎస్7-300 పాత స్టెప్ 7లో ఉంటే ప్రాజెక్టు అంటే వందల చిన్న ఫైళ్లున్న ఫోల్డర్. దాన్ని ఉన్నదున్నట్టు గిట్‌లో పెట్టకండి, ఆర్కైవ్ చేసి ఒకే జిప్‌గా పెట్టండి.

టెక్స్ట్ వచ్చిందని పూర్తిగా సంతోషపడే వీలు లేదు. ల్యాడర్ ఎక్స్‌ఎంఎల్‌లో ప్రతి కాంటాక్ట్‌కూ, ప్రతి వైరుకూ ఒక నంబరు ఉంటుంది. మధ్యలో ఒక కాంటాక్ట్ చేరిస్తే తర్వాతి నంబర్లు మారిపోయి, ఒక్క మార్పుకు యాభై లైన్ల తేడా కనిపిస్తుంది. ఎల్5ఎక్స్‌లో ఎక్స్‌పోర్ట్ చేసిన తేదీ, టైమర్లలో అప్పటికి ఎంత లెక్క అయిందీ కూడా వస్తాయి. ఏమీ మార్చకుండా రెండుసార్లు ఎక్స్‌పోర్ట్ చేసినా రెండు ఫైళ్లూ ఒకలా ఉండవు. కమిట్‌కు (మార్పును గిట్‌లో చేర్చడానికి) ముందు వీటిని తీసేసే చిన్న స్క్రిప్ట్ ఒకటి మీ స్నేహితుడితో రాయించుకోండి, ఆ పని నిజంగానే అరగంటలో అవుతుంది. ల్యాడర్ తేడాలను కళ్లతో చూడాలంటే టియాలో ఉన్న కంపేర్, రాక్‌వెల్ వాళ్ల కంపేర్ టూల్ మేలు. ఎక్స్‌ఎంఎల్‌ను చేత్తో మెర్జ్ చేసి (ఇద్దరి మార్పులను కలిపి) మెషిన్‌లోకి పంపే పని మాత్రం ఎప్పుడూ పెట్టుకోకండి.

మెర్జ్ లేదు కాబట్టి బ్రాంచ్‌ల (ఒకే ఫైలుకు పక్కపక్కన నడిచే కాపీల) గొడవ కూడా మీకు వద్దు. ఒక లైన్‌కు ఒక రిపాజిటరీ, ఒకే మెయిన్ బ్రాంచ్. ఒకరు ఫైలు తీసుకుంటే పని అయ్యేదాకా ఇంకొకరు ముట్టుకోకూడదు. పెద్ద ఫైళ్ల కోసం గిట్‌కు తోడుగా ఉన్న గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్‌లో లాక్ చేసే వీలుంది. ముగ్గురే కదా, గోడ మీద వైట్‌బోర్డ్ రాసినా చాలు. మెషిన్‌లోకి డౌన్‌లోడ్ చేసిన ప్రతిసారీ ఆ కమిట్‌కు తేదీతో ట్యాగ్ (గిట్‌లో పెట్టే గుర్తు) పెట్టండి. ట్యాగ్ ఉన్నదంటే అది మెషిన్‌లో నడిచిందని అర్థం, ఈ ఒక్క నియమం ముగ్గురూ తప్పకుండా పాటించాలి. కమిట్ సందేశంలో ఏం మార్చారో కన్నా ఎందుకు మార్చారో రాయండి. "టైమర్ 12 మార్చాను" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు, ఆ సంగతి కంపేర్ చెప్తుంది. "50 గ్రాముల ప్యాకెట్‌కు కొత్త ఫిల్మ్ మందంగా ఉంది, సీలు పడట్లేదని ప్రొడక్షన్ వాళ్లు అడిగారు, జా టైమ్ 340 నుంచి 380 మిల్లీసెకన్లు చేశాను" అని రాస్తే, ఫిల్మ్ మళ్లీ మారిన రోజు ఏం చేయాలో కొత్తగా చేరిన కుర్రాడికి కూడా తెలుస్తుంది. తెలుగులో రాసినా గిట్ తీసుకుంటుంది.

సాఫ్ట్‌వేర్ వెర్షన్ కూడా రాసి పెట్టాలి. టియా ప్రాజెక్టును కొత్త వెర్షన్‌లో తెరిచి అప్‌గ్రేడ్ చేస్తే, తిరిగి పాత వెర్షన్‌లో తెరవలేరు. సీపీయూ ఫర్మ్‌వేర్ నంబర్, వాడిన జీఎస్‌డీ, ఈడీఎస్ ఫైళ్లు (పీఎల్‌సీకి తగిలిన పరికరాల వివరాలు ఉండేవి) అదే రిపాజిటరీలో ఉంచండి. పాత స్టెప్ 7 నడిచే ల్యాప్‌టాప్ పోయేలోపు దాన్ని వర్చువల్ మెషిన్‌గా మార్చి దాచుకోండి.

రాత్రి రెండు గంటల మార్పు మాత్రం ఇంకా అలాగే ఉంది కదా. దాన్ని గిట్ ఆపలేదు. దానికి నాకు తెలిసిన మార్గాలు మూడున్నాయి. మీ కాంపాక్ట్‌లాజిక్స్ ముందు వైపు మోడ్ స్విచ్ ఉంటుంది. దాన్ని రన్‌లో పెడితే ఆన్‌లైన్ ఎడిట్ కుదరదు, రిమోట్‌లో పెడితే కుదురుతుంది. మన ప్లాంట్లలో సౌకర్యం కోసం అది ఏళ్ల తరబడి రిమోట్‌లోనే పడి ఉంటుంది. 2017లో సౌదీ అరేబియాలోని పెట్రోకెమికల్ ప్లాంట్‌లో ట్రైటన్ అనే మాల్‌వేర్ ట్రైకానెక్స్ సేఫ్టీ కంట్రోలర్ లోపలికి పోగలిగిందంటే, దాని తాళం చెవి స్విచ్‌ను ప్రోగ్రామ్ స్థానంలో వదిలేసి ఉండటం ఒక ముఖ్య కారణం. రన్‌లో పెట్టి, స్విచ్‌కు తాళం చెవి ఉంటే అది షిఫ్ట్ ఇన్‌చార్జ్ దగ్గర ఉంచండి. తీసుకునేవాళ్లు రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకోవాలి. ఇవ్వనని మాత్రం అనొద్దు, లైన్ ఆగినప్పుడు చెవి దొరక్కపోతే జనం ఇంకో దారి వెతుక్కుంటారు. ఎస్7-1500లో ఇదే పనికి యాక్సెస్ లెవెల్ పాస్‌వర్డ్ ఉంది.

రెండోది, మార్పు జరిగిందని మెషిన్ చేతే చెప్పించడం. కాంపాక్ట్‌లాజిక్స్‌లో ఆడిట్ విలువ ఒకటి ఉంటుంది, ప్రోగ్రామ్ మారితే అదీ మారుతుంది. ఎస్7-1500లో ప్రోగ్రామ్ చెక్‌సమ్ (ప్రోగ్రామ్ నుంచి లెక్కగట్టే అంకె) చదివే ఇన్‌స్ట్రక్షన్ ఉంది. ఈ రెండింటినీ హెచ్‌ఎంఐ మీద ఒక మూల చూపించండి. పొద్దున రౌండ్‌లో ఆ అంకెను నిన్నటిదానితో పోల్చుకోవడానికి ఒక్క నిమిషం చాలు. మారితే రాత్రి షిఫ్టు ఆయనను అడగండి, మందలించడానికి కాదు, రాసుకోవడానికి. ఒక్కసారి గట్టిగా అరిచారంటే మళ్లీ ఎప్పుడూ నిజం చెప్పరు. ఎస్7-300కి ఆ సౌకర్యం లేదు, దానికి సోమవారం సోమవారం ఆన్‌లైన్ కంపేర్ చేయాల్సిందే. అదే మూడో మార్గం, మిగతా రెండు లైన్లకూ నెలకోసారి చేయండి.

వందల కంట్రోలర్లున్న చోట ఈ పోలికంతా మనుషుల వల్ల కాదు. ఆక్టోప్లాంట్ (ఇదివరకు వెర్షన్‌డాగ్ అనేవారు), రాక్‌వెల్ వాళ్ల ఫ్యాక్టరీటాక్ అసెట్‌సెంటర్ లాంటివి రోజూ రాత్రి వాటంతట అవే అప్‌లోడ్ చేసి, తేడా ఉంటే మెయిల్ పంపుతాయి. మూడు లైన్లకు అంత ఖర్చు అక్కర్లేదని నా అభిప్రాయం. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా ప్లాంట్లలో పనిచేసేవాళ్లకు మాత్రం సంగతి వేరు. అమెరికాకు మందులు పంపేవాళ్లకు 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 (ఎలక్ట్రానిక్ రికార్డుల మీద అమెరికా నియమం) వర్తిస్తుంది. అక్కడ ఛేంజ్ కంట్రోల్ ఫారం ఆమోదం లేకుండా టైమర్ కూడా ముట్టుకోరు, గిట్ ఆ ఫారం పక్కన ఉండే సాయమే తప్ప దానికి బదులు కాదు.

పోల్చే ల్యాప్‌టాప్ శుభ్రంగా ఉండాలన్నది కూడా చెప్పాలి. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే మాల్‌వేర్ సరిగ్గా ఇక్కడే దెబ్బకొట్టింది. స్టెప్ 7 కంట్రోలర్‌తో మాట్లాడే లైబ్రరీ ఫైలును అది మార్చేసింది, దాంతో ఇంజినీరు బ్లాకులు తెరిచి చూసినా చేర్చిన కోడ్ కనపడేది కాదు. ప్లాంట్ ల్యాప్‌టాప్‌లో సినిమాలు, ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు వద్దు. రిపాజిటరీ కాపీ ఒకటి నెట్‌వర్క్‌కు తగలని డ్రైవ్‌లో, ప్లాంట్ బయట ఉంచండి.

మెషిన్ ఇచ్చిన కంపెనీ ఇంజినీర్లు సర్వీస్‌కు వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాళ్లు సొంత ల్యాప్‌టాప్ తగిలిస్తారు, నాలుగు చోట్ల మారుస్తారు, రైలు టైమ్ అయిందని వెళ్లిపోతారు. వాళ్లు మొదలుపెట్టే ముందు మీరు ఒక అప్‌లోడ్ తీసి కమిట్ చేయండి. వెళ్లేముందు వాళ్ల పక్కన కూర్చుని ఇంకోటి తీసి, రెండింటి తేడా వాళ్లతోనే చెప్పించుకోండి. సర్వీస్ రిపోర్ట్ మీద సంతకం ఆ తర్వాతే. ఇకపై కొనే మెషిన్లకు పర్చేజ్ ఆర్డర్‌లోనే కామెంట్లతో సహా సోర్స్, పాస్‌వర్డ్‌లు ఇవ్వాలని రాయించండి. డబ్బంతా చెల్లించాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

ఇవన్నీ పెట్టుకున్నాక ఒక ఆదివారం స్పేర్ సీపీయూను బల్ల మీద పెట్టి, 24 వోల్ట్‌లు ఇచ్చి, రిపాజిటరీలో ఉన్నది మాత్రమే వాడి ఎక్కించి చూడండి. నేను చేయించిన ప్రతిచోటా మొదటిసారి ఏదో ఒకటి తగ్గింది. ఒకచోట ఎస్7-1500కి మెమరీ కార్డు లేదు, కార్డు లేకుండా ఆ సీపీయూ ప్రోగ్రామ్ తీసుకోదు. ఇంకోచోట పాస్‌వర్డ్ ఉద్యోగం మానేసిన ఆయనకే తెలుసు. బల్ల మీద తెలిస్తే టీ తాగి సర్దుకోవచ్చు.

మూడు లైన్లలో దేనితో మొదలుపెట్టాలని అడిగితే, ఎస్7-300తో మొదలుపెట్టండి. కామెంట్లు లేనిది అదే, ఆ మెషిన్ గురించి తెలిసినవాళ్లు ముందు రిటైరయ్యేదీ అక్కడి నుంచే. దాని సీపీయూ నంబరు, మీ దగ్గరున్న స్టెప్ 7 వెర్షన్ రాసి పంపితే, కంపేర్‌లో ఏ బ్లాకుల తేడాలను పట్టించుకోవాలో, వేటిని వదిలేయొచ్చో చెప్తాను.